డొల్ల చప్పుడు

బెల్లంపల్లి వయోవృద్ధుల సంఘం హాలు వరండా. రేపు హోలీ. మధ్యాహ్నం మూడు కావస్తోంది. డెబ్బై ఒక్క ఏళ్ల సిద్దిరాములును స్తంభానికి తువ్వాలతో కట్టేశారు, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కానిస్టేబుల్ తిరుమల కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పొద్దున కుర్చీ వ్యాయామం క్లాసులో ఆయన చేసిన ఘనకార్యం ఊరంతా పాకింది గానీ, ఆయన మొత్తుకుంటున్న మాట మాత్రం ఇంతవరకు ఒక్కరి చెవికీ ఎక్కలేదు.

“కట్లు ఇప్పుతవా లేదా?”

“ఇప్పితె మల్ల ఎవలనో కొడ్తవు తాతా.”

“కొడ్త. లోపట కుర్చీలేస్తున్నోళ్లను ఒక్కొక్కన్ని కొడ్త. కొట్టకుంటె బయటికి రారు.”

“అగో, మల్ల అదే మాట. జర సోయితోని మాట్లాడు, నేను రాసుకోవాలె. పేరు సిద్దిరాములు. బాపు పేరు?”

“టైమెంత బిడ్డా?”

“పావు తక్కువ మూడు. బాపు పేరు చెప్పు.”

“నాలుగింటికి నలబై మందిని తెచ్చి ఆ కప్పు కింద కూసవెడ్తరు. నలబై మంది ముసలోళ్లు. అండ్ల సగం మందికి మోకాళ్లు లెవ్వు, ఉరుకుమంటె ఉరకలేరు. నువ్వేమో మా బాపు పేరు అడుగుతున్నవు.”

“అడగాలె గదా! డెబ్బై ఏడేండ్ల మనిషిని కొట్టినవు. కుడిచెయ్యి మణికట్టు కాడ ఇరిగింది. నెత్తి పలిగింది. ఆరు కుట్లు.”

“ఆరేనా?”

“ఏంది?”

“ఏం లేదు. రాసుకో. ఆరు.”

“నవ్వుతున్నవా తాతా?”

“నవ్వుతలేను. నా మొకమే గట్ల. నెత్తి పలగ్గొట్టాల్నని లేకుండె నాకు. లేపాల్నని ఉండె.”

“మొదటికెల్లి చెప్పు. పొద్దుగాల ఏమయ్యింది?”

“ఏమైతది? తొమ్మిదింటికి నవ్యశ్రీ క్లాసు మొదలువెట్టింది. బయట ఎండలు ముదిరినయని ఆ పిల్ల లోపట్నే చేపిస్తది. కుర్చీల కూసునే చేతులు లేపుడు, దించుడు, మడిమలు తిప్పుడు, మెడ అటొకపారి ఇటొకపారి. మాసొంటోళ్లకు గంతే.”

“కోలాటం?”

“అదీ కూసునే. ఎదురెదురుంగ కుర్చీలేసి చెరి రెండు కట్టెలిచ్చింది. ఇయ్యాల పొద్దుమీకి వసంతం పోగ్రాం గదా. మోదుగుపూలు ఉడకవెట్టిన నీళ్లు ఒకలమీద ఒకలు చల్లుకునుడు, కోలాటం ఏసుడు. దానికి నాలుగు రోజుల సంది తాలీము.”

“నీ ఎదురు కుర్చీల ఎవలు?”

“నీకెరుకే గదా.”

“నువ్వు చెప్పాలె.”

“జలపతిరావు. చిట్టీలేసి జతలు చేసింది ఆ పిల్ల. పాపం, దానికేం తెలుసు. ముప్పై ఆరేండ్ల సంది నేను మొకం సూడని మనిషి కట్టెకు నా కట్టె తాకియ్యుమన్నది.”

“తాకిచ్చినవా?”

“తాకిచ్చిన. గట్టిగనే తాకిచ్చిన. మొన్న ఒక కట్టె ఇరిగింది.”

“నవ్యశ్రీ చెప్పింది. నువ్వు కోలాటమాడ్తున్నవో పగ తీర్చుకుంటున్నవో సమజ్ కాలేదట. జలపతిరావు సార్ మాత్రం అంత చెవుడున్నా ఒక్క తాళం తప్పలేదట.”

“ఎదుటోని చేతులు సూసి ఏస్తడు. చెవిటోళ్లు గంతే.”

“సరే. కోలాటమయినంక?”

“గాలి బుగ్గ ఎగిరేసింది. కట్టెలతోని కొట్టాలె, కింద వడనియ్యొద్దు. చిన్నపోరగాండ్ల ఆట. అందరు నవ్విండ్రు. నేను సుత నవ్విన, అబద్ధమెందుకు. అది పోయి ఫ్యాను రాడ్డుకు కప్పుకు నడుమ ఇరుక్కున్నది. రుక్మాబాయి బూజుకట్టె తెచ్చి పొడిచింది. ఒకపారి టక్కుమన్నది. ఇంకోపారి టక్కుమన్నది. జరంత పక్కకు జరిపి మూడోపారి పొడిచింది.”

“అయితె?”

“డొల్ల.”

“డొల్లంటె?”

“డొల్లంటె డొల్ల! లోపట ఇడిసివెట్టింది. కింద సున్నం, రంగు పట్టుకోని ఉన్నయి గాని, పైన పెచ్చు ఊడి దాని మీద ఆగింది. నిరుడు వానలకు కురిసిందా లేదా? కురిసినకాడ మందంగ పూసి రంగేసిండ్రా లేదా?”

“మాది చొప్పదండి తాతా. మీ బొగ్గుబాయిల ముచ్చట్లు నాకు తెల్వయి. కట్టెతోని పొడిస్తె కప్పు సంగతి నీకెట్ల తెలుస్తది?”

“పద్దెనిమిదేండ్లు బొగ్గుబాయిల గదే పని బిడ్డా నాది. డ్రెస్సర్ అంటరు. షిఫ్టుల అందరికంటె ముందుగాల డ్రెస్సర్ పోవాలె. రాడ్డుతోని పైన కొట్టాలె, ఇంకో చెయ్యి కప్పుకు ఆనియ్యాలె. టక్కుమంటె మంచిది. డొల్లమంటె ఆ పెచ్చును గుంజి కింద వడెయ్యాలె. లేకుంటె దాని కిందున్న మనుషులనన్న గుంజాలె.”

“అందుకే మనిషిని గుంజినవా?”

“ఆయిన కుర్చీ సరిగ్గ దాని కింద ఉన్నది.”

“నోటితోని చెప్పొద్దా?”

“చెవిటోనికి ఏం చెప్పాలె? చెవులున్నోనికి చెప్పినా ఎందుకు, ఏంది అని అడుగుతడు, చెప్పులేసుకుంటడు, కండ్లద్దాలు ఎతుకుతడు. కప్పు గంతసేపు ఆగది. కొట్టి గుంజుడే.”

“నిజం చెప్పు తాతా. ఆయిన కిందనే కూసున్నడని సూసినప్పుడు నీకేమనిపిచ్చింది?”

“కూసోనియ్యి అనిపిచ్చింది.”

“రాసుకోమంటవా?”

“రాసుకో, నాకేం భయం! కూసోనియ్యి, నెత్తి మీద వడనియ్యి, నా తమ్ముని తీర్గ సావనియ్యి అనిపిచ్చింది. అట్లనే నిలవడ్డ. కట్టె చేతుల్నే ఉన్నది. ఇగ చెయ్యి ఆగలే. పద్దెనిమిదేండ్ల అలవాటు అది, నా మాట ఇంటదా? భుజం మీద ఒక్కటి ఏసిన. లేవలే. కుర్చీ చేతులు బిగవట్టుకోని నన్నే సూస్తుండు. రెండోది నెత్తి మీద వడ్డది. నెత్తురు కండ్లల్లకు కారుతుంది, అయినా కుర్చీ ఇడుస్తలేడు! గంత మొండి. ఇగ కాలర్ వట్టి గుంజి కుర్చీని తన్నిన. కుర్చీ ఇరిగింది. ఆయిన చెయ్యి సుత ఇరిగింది.”

“ఆడోళ్లను సుత కొట్టినవు.”

“కొట్టిన. రుక్మాబాయిని ఈపు మీద, జమునను పిక్కల మీద. బర్లను తోలినట్టు తోలిన. తిట్టుకుంటనే వరండల వడ్డరు.”

“వడ్డంక? కప్పు కూలిందా?”

“కూలలే.”

“పిడికెడు సున్నమన్న రాలిందా?”

“రాలలే.”

“అది! అందుకే నిన్ను కట్టేసిండ్రు. ఎవలో ఫోన్ల పట్టిండ్రు, గిప్పుడది వాట్సాప్‌ల తిరుగుతుంది. ముప్పై ఆరేండ్లు కడుపుల వెట్టుకున్నడు, కట్టె చేతికి రాంగనే తీర్చుకున్నడు అంటుండ్రు. మీ ఇంటామె నర్మదమ్మ సుత అదే అన్నది.”

“ఏమన్నది?”

“ఎన్నటికన్న ఆయినను కొడ్తడని నాకెరుకే అన్నది.”

“దాని నోట్ల మన్నువడ. నిజమే అన్నది.”

“తాతా, గుంజకు! తువ్వాల నెత్తురైతుంది సూడు. చేతులు కోసుకపోతున్నయి.”

“పోనియ్యి! ఆ ఓంప్రకాశ్‌ను పిలువు. సంఘానికి పెద్ద అయిండు గదా, నా ముంగట నిలవడి చెప్పుమను కప్పు మంచిగున్నదని. పండ్లూడగొడ్త!”

“మల్ల లేస్తె లాఠీ తీస్త, చెప్తున్న!”

“తియ్యి! కొట్టు! ఈపు పలగ్గొట్టు. కొట్టినంక లోపటికి పోయి ఆ కుర్చీలు తీపియ్యి. గంతే అడుగుతున్న.”

“నేను పోయిన తాతా. నీ మాట తీసెయ్యలే నేను. అదే బూజుకట్టెతోని నాలుగు దిక్కుల కొట్టి సూసిన. నాకైతె అంతా ఒక్కతీర్గనే ఇనవడ్డది.”

“నీకు ఇనవడది. నాకు సుత రెండేండ్లు కొట్టినంకనే తెలువవట్టింది. ఈ ఊళ్లె ఆ చెవి ఉన్నోళ్లు ఇంక ఎంతమంది? సచ్చినోళ్లు సచ్చిండ్రు, పోయినోళ్లు పోయిండ్రు.”

“ఆగు, ఓంప్రకాశ్ సారే చేస్తుండు. హలో, సార్. ఆఁ, ఈడనే ఉన్న. లేదు సార్, ఆయిన అదే మాట మీద ఉన్నడు. ఒకవేళ పోగ్రాం రేపటికి… లేదు లేదు, నేను ఆపుమంటలేను. మేస్త్రి రాకేశ్ సూసిండా? ఏమన్నడు? కిందికెల్లి సూసిండా, ఎక్కి సూసిండా? సరే సార్. సరే. ఎవలన్న తెలిసినోళ్లు ఒక్కలు చెప్తె ఆపుతరా? సరే, పెడ్తున్న.”

“ఏమన్నడు?”

“నీ మాట మీద ఆపడట. ఆనాడు డొల్ల కప్పును మంచిగున్నదని చెప్పి సొంత తమ్మున్ని సంపుకున్నోడు, ఇయ్యాల మంచి కప్పును డొల్లంటుండు, గిసోంటోని చెవి వట్టుకోని నేను పోగ్రాం ఆపాల్నా అన్నడు.”

“గట్లన్నడా.”

“గట్లనే అన్నడు. నిజమా తాతా? నీ తమ్ముని సంగతి.”

“నువ్వు సుత అడుగు. అందరు అడిగిండ్రు, నువ్వొక్కదానివి తక్కువున్నవు.”

“ఇంటనే అంటున్న గదా.”

“ముప్పై ఆరేండ్ల కింద, రెండో షిఫ్టు. నేను పోయి కప్పు కొట్టిన. డొల్ల. వచ్చి ఓవర్‌మన్‌కు చెప్పిన. ఓవర్‌మన్ అంటె మా షిఫ్టుకు పెద్ద, గీ జలపతిరావే. దొరా, అండ్లకు మనుషులను పంపకు అన్న. సరే అన్నడు. నన్ను ఇంకో దిక్కు కప్పు సూడుమని పంపిండు. ఆ నెల బొగ్గు తక్కువ వెళ్లింది, పైకెల్లి ఒకటే వత్తిడి. గంట సేపటికి నా తమ్మున్ని, వెంకటేశును, అండ్లకే తోలిండు. ఇరవై నాలుగేండ్లు వానికి.”

“కూలిందా?”

“కూలకుంట ఉంటదా? ఎంక్వైరీల ఏమన్నడో ఎరుకేనా? బొగ్గు పేల్చే బాంబుల సప్పుళ్లకు నా చెవులు పోయినయి, కప్పు కొడ్తె నాకేం ఇనవడది, సిద్దిరాములు మంచిగున్నదంటెనే పంపిన అన్నడు. డాక్టరు కాయితం వెట్టిండు. ఆయినకు పైన ఆఫీసుల కుర్చీ దొరికింది. నా నౌకరి పోయింది. బండి మీద మిర్చీలేసి బతికిన.”

“నువ్వు డొల్లని చెప్పంగ ఎవలు ఇనలేదా?”

“ఇన్నోడు ఆయినొక్కడే. ఆయిన చెవిటోడు. మా అవ్వ సచ్చేదాక నా చేతి నీళ్లు తాగలే బిడ్డా. కొడుకును మింగినవురా, నీ నీళ్లు నాకెందుకు అనేది. ఇగో, నా గొంతు సుత పోయింది. పొద్దటి సంది మొత్తుకుంటున్న.”

“జర నీళ్లు తాగు. ఇగో. ఆఁ, ఆటో వచ్చింది. దవాఖాన నుంచి జలపతిరావు సారే. సంతకానికి రమ్మన్న. తాతా, నువ్వు నోరు మూసుకోని ఉండాలె. సార్! ఇటు రండ్రి! ఇటు!”

“ఆఁ?”

“ఇటు కూసోండ్రి! మెల్లగ! చెయ్యి పైలం!”

“ఇనవడ్తలేదు బిడ్డా. నా మిషన్ ఏది?”

“చెవి మిషన్ పలిగింది సార్! ఇగో, కవర్ల ఏసిన, కేసుల వెట్టాలె! మీరు ఈడ సంతకం చెయ్యుండ్రి!”

“సంతకమా? కుడిచెయ్యి గిట్లున్నది గదా.”

“ఎడమ చేతి ఏలిముద్ర ఏస్తె నడుస్తది సార్!”

“ఆఁ?”

“ఏలిముద్ర! ఏలిముద్ర!”

“తొందరేమున్నది. ఏద్దాం. లోపట గా సప్పు… గా హడావిడేంది? కుర్చీలేస్తుండ్రా?”

“ఏస్తుండ్రు సార్! నాలుగింటికి పోగ్రాం ఉన్నది! రుక్మాబాయి, జమున, సక్కుబాయి, పదిమంది దాక అప్పుడే వచ్చి కూసున్నరు!”

“ఎటుదిక్కు కూసున్నరు?”

“నడుమనే! ఫ్యాను కింద! సార్, మీరు ఓవర్‌మన్ చేసినోళ్లు. ఓంప్రకాశ్ సార్ మీ మాట ఇంటడు. ఒక్కపారి లోపటికొచ్చి కప్పు కొట్టి సూసి చెప్తరా? ఈ తాత కూలుతదంటుండు!”

“ఏమంటుండు?”

“కప్పు! కూలుతదట!”

“చెవులు లేని మనిషిని బిడ్డా నేను. కొడ్తె మాత్రం నాకేం తెలుస్తది?”

“చెయ్యి ఆనిస్తెనన్న తెలువదా సార్?”

“ఆఁ?”

“చెయ్యి! చెయ్యి ఆనిస్తె!”

“చెయ్యి ఇరిగింది గదా బిడ్డా.”

“ఇడువు బిడ్డా, ఆయినతోని మొత్తుకోకు. ముప్పై ఆరేండ్లు మొత్తుకున్న నేను.”

“నువ్వాగు తాతా. నీ మాట నాకే సరిగ ఇనవడ్తలేదు, గంత పీలగున్నది గొంతు.”

“నువ్వన్న దగ్గరికొచ్చి ఇను. నన్ను జైల్ల వెట్టుకో, ఫికర్ లేదు. నాకు ఒక్కటే ఉన్నది. కప్పు కూలినంక ఆ కాడ ఉన్నది ఆయినొక్కడే. నేను ఉరికొచ్చేవరకు గంటన్నర అయ్యింది, వెంకటేశు సల్లవడ్డడు. ఆ గంటన్నరల వాడు రాళ్ల కింద ఒక్కపారన్న నన్ను పిలిసిండా? నా పేరు ఎత్తి తిట్టినా మంచిదే. గదొక్కటి అడగాల్నని ఉంటది నాకు. చెవిటోన్ని అడిగి ఏం ఫాయిదా?”

“పిలిసిండు.”

“ఏంది సార్?”

“అన్నా అన్నా అని పిలిసిండు. సానసేపు పిలిసిండు. కప్పు మంచిగలేదని మా అన్న చెప్పె గదా దొరా అని నన్ను సుత అడిగిండు.”

“సార్… తాత గుసగుస అన్నట్టు అన్నడు. నాకే సగం ఇనవడలే. మీ మిషన్ నా చేతుల్నే ఉన్నది.”

“అది ఉన్నా లేకున్నా ఒక్కటే. నీ సీటీ ఊదు బిడ్డా.”

“ఏంది సార్?”

“సీటీ ఊది లోపటున్నోళ్లను బయటికి తియ్యి! ఫ్యానుకు ఎడమపక్క, గోడదాక డొల్లే. మూడోపారి పొడిచినప్పుడు నాకూ ఇనవడ్డది. ఓంప్రకాశ్‌కు చెప్పు, జలపతిరావు చెప్పిండని చెప్పు. కూసున్నోళ్లను లేపకుండ్రి, కుర్చీలతోని సుత గుంజుండ్రి. ఉరుకు!”

“ఓంప్రకాశ్ సార్! రాకేశ్! అన్నీ ఇడిసి బయటికి రండ్రి! రుక్మాబాయిని పట్టుకోండ్రి! జరుగుండ్రి, జరుగుండ్రి!”

“నీకు ఇనవడ్డది.”

“ఇనవడ్డది సిద్దిరాములు.”

“మరి కట్టెతోని కొట్టినా లేవవైతివి. కుర్చీ బిగవట్టుకుంటివి.”

“లేస్తె నాకు చెవులున్నయని తెలుస్తుండె.”

“దానికంటె సచ్చుడే నయమనుకున్నవా?”

“గట్లనే అనుకున్న. ఒక్కపారి చెవిటోన్నంటె ఇగ రోజూ చెవిటోన్నే కావాలె. పెండ్లాం పాణం పోయేటప్పుడు నా చెయ్యి వట్టుకోని ఒక మాట అన్నది. నర్సు పక్కనే ఉన్నది. ఇనవడ్డది నాకు. అయినా ఆఁ? అన్న. మల్ల చెప్పేంత ఊపిరి లేకపాయె దానికి.”

“నీ ఏడుపు నాకొద్దు! నా తమ్ముని సంగతి చెప్పు. నన్ను ఇంకో దిక్కు పంపినంక నువ్వు పోయి కప్పు కొట్టి సూసినవా?”

“చేతులు ఇటు వెట్టు. ఎడమ చేత్తోని ముడి వస్తలేదు.”

“సూసినవా అంటున్న!”

“కదలకు. ఆఁ, వచ్చింది. ఇడిసింది సూడు తువ్వాల.”

“కొట్టి సూసినవా లేదా?”

“సూసిన. నీ కోలాటం కట్టె ఆ పోలీసు పిల్ల కుర్చీ కిందనే ఉన్నది. చేతుల్లకు తీస్కో.”

“తీసుకుంట. ముందు చెప్పు వారీ. గప్పుడు?”

“గప్పుడు సుత ఇనవడ్డది.”